పుట్టింటి దీపం

పొద్దు వాలగానే లాన్‌జావ్ చేసే మొదటి పని కుంపటి రాజెయ్యడం. వాకిట్లో కూర్చుని బొగ్గుల్ని ఎర్రగా విసిరి, పొగంతా పోయాక లోపలికి తెచ్చి పొట్టి బల్ల కింద పెట్టి, బల్ల మీద నుంచి నేల దాకా దళసరి బొంత కప్పేది. ఇంక ఇంటిల్లిపాదీ ఆ బొంత కిందికి కాళ్ళు దూర్చి నిద్రవేళ దాకా అక్కడే. తిండి అక్కడే, తగువులూ అక్కడే. మా కొండ ఊళ్ళో చలికాలమంటే అంతే. తలుపుకి ఎదురుగా ఉండే చోటు ఇంటి పెద్దది. ఇంటి పెద్ద లాన్‌జావే అయినా, ఆ చోట్లో కోడలు చ్యూరుంగ్ కూర్చునేది. చ్యూరుంగ్‌కి అప్పుడు ఆరో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. అందుకని ఆ ఇంట్లో మంచి చోటు, మంచి ముక్క, చివరి మాట అన్నీ ఈసారి ఆ కడుపువే. లాన్‌జావ్ గోడవారగా సర్దుకుని, ఎవరి గిన్నె ఖాళీ అయితే వాళ్ళకి వడ్డిస్తూ ఉండేది.

లాన్‌జావ్‌కి సంతోషం కలిగితే ఒళ్ళు వెలిగేది. ముందు గోళ్ళు, తర్వాత అరచేతులు, ఆ తర్వాత చెంపలు. కాగితం వెనక పెట్టిన నూనెదీపంలా పసుపచ్చటి వెలుగు. వెలుగే తప్ప వేడి ఉండేది కాదు. పెళ్ళి కుదుర్చుకోవడానికి వచ్చినవాళ్ళు అది చూసి, కిరసనాయిలు కలిసొస్తుందని సంబరపడ్డారట. మొగుడు ద్వాన్ వెదురుబుట్టలు అల్లేవాడు. చీకటి పడ్డాక పని మిగిలితే పెళ్ళాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏవో కోతికబుర్లు చెప్పి నవ్విస్తూ, ఆ వెలుగులో బుట్ట పూర్తి చేసేవాడు. వీధికి కరెంటు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. ట్యూబులైటు కింద ఆమె వెలిగిందో లేదో ఎవరూ పట్టించుకోలేదు. ద్వాన్ పోయాక వెలగడమే తగ్గిపోయింది. కూతురు సూహ్వా మాటొస్తే మాత్రం వేళ్ళ కొసలు కాస్త పచ్చబడేవి.

సూహ్వాని లోయలో ఏటి అవతలి పల్లెకి ఇచ్చారు. ద్వాన్‌కి ఆ పిల్లంటే ప్రాణం. మంచం పట్టిన ఆఖరి రోజుల్లో, సూహ్వా వస్తే గానీ గంజి ముట్టనని మొండికేశాడు. సరిగ్గా అప్పుడే సూహ్వా నెల నిండని బాలింత. బాలింత గడప దాటకూడదు. రాలేకపోతే రాలేకపోయింది, తండ్రికి చెప్పమని ఒక్క మాటైనా అడిగి పట్టుకు రమ్మని లాన్‌జావ్ కొడుకు హైపింగ్‌ని పంపింది. ఆ సాయంత్రం హైపింగ్ తిరిగొచ్చి, చెల్లెలి అత్తగారు గుమ్మంలోనే అడ్డం నిలబడిందనీ, పిల్లకి ఈ కబురు చెప్పనివ్వనందనీ చెప్పాడు. ద్వాన్ ఆ రాత్రే ఖాళీ కడుపుతో పోయాడు.

నిజానికి హైపింగ్ ఏరు దాటలేదు. రేవు దగ్గర టీకొట్లో మాజాంగ్ ముక్కలాట ఆడుతున్నారు, ఒక ఆట చూసి పోదామని కూర్చున్నాడు, తర్వాత తనూ ఆడాడు, పొద్దుపోయింది. ఆ సంగతి అతనికొక్కడికే తెలుసు. సూహ్వాకి తండ్రి పోయాడని తెలిసేటప్పటికి చితి కూడా చల్లారిపోయింది. లాన్‌జావ్ మాత్రం ఆ దుఃఖంలో ఒక్క ఊరట పట్టుకుని కూర్చుంది. పాపం దానికి తెలియదు, తెలిస్తే పాక్కుంటూ అయినా వచ్చేది. సూహ్వా పేరెత్తితే ఆమె వెలగడానికి ఆ నమ్మకమే చమురు.

ఆ ఏడు, చలికాలంలోనే వచ్చే మా సంవత్సరాది దగ్గర పడుతుండగా వాన పట్టుకుంది. పైనుంచి వానలాగే పడేది, దేనికి తగిలితే దాని మీద గడ్డకట్టేది. చెట్ల మీద, తీగల మీద, ఆరేసిన బట్టల మీద, బయట కట్టేసిన గేదెల కొమ్ముల మీద. కొండ మీద వెదుళ్ళు వంగి వంగి, పగలూ రాత్రీ ఫెళఫెళా విరుగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత గట్టు మీది కరెంటు టవర్లు ఒకదాని వెనక ఒకటి మోకాళ్ళ మీద కూలబడ్డాయి. మా ఊరే కాదు, కొండకి ఈవలా ఆవలా ఎన్ని ఊళ్ళున్నాయో అన్నీ ఒక్క దెబ్బకి చీకటైపోయాయి. తీగల మీది గడ్డ రాలగొట్టడానికి మా వీధి నుంచి ఒకతను టవరెక్కాడు. అతనూ టవరూ కలిసే దిగారు.

కుళాయిలు పగిలాయి. సెల్‌ఫోన్లు ముందు మూగబోయి తర్వాత చచ్చిపోయాయి. బస్సులు ఎక్కడివక్కడ మంచులో ఇరుక్కున్నాయి, దక్షిణాన ఫ్యాక్టరీల్లో పనిచేసే మగాళ్ళు స్టేషన్లలో నిలబడిపోయారు. కొట్లలో కొవ్వొత్తులు అయిపోయాయి, కొవ్వొత్తులు ఎక్కడున్నాయన్న పుకార్లూ అయిపోయాయి. జనం చూరు నుంచి గడ్డలు విరుచుకొచ్చి మూకుట్లో కరిగించి అన్నం వండుకున్నారు. దళారీలు బొగ్గు మాత్రం ఎంత కావాలంటే అంత తెస్తామన్నారు, తేలేదు. ఇంటికో కుంపటి నిలవడమే గగనమయింది. లాన్‌జావ్ ఇంటి వంటగదిలో నీళ్ళకుండ లోపల్లోపలే గడ్డకట్టి నిలువునా చీలింది. కుంపటి ఉన్న గది తప్ప మిగతా ఇల్లంతా పేరుకే ఇల్లు.

అప్పుడు మా వీధికి లాన్‌జావ్ గుర్తొచ్చింది. కనిపెట్టింది చ్యూరుంగే. "అత్తయ్యా, సూహ్వా చిన్నప్పుడు బాతులకి పెళ్ళి చేసిందట, ఏమిటా కథ?" అనడిగింది ఒక సాయంత్రం. లాన్‌జావ్ చెప్పడం మొదలుపెట్టింది. గోళ్ళు వెలిగాయి, చేతులు వెలిగాయి, కాసేపటికి గదిలో సూదిలో దారం ఎక్కించేంత వెలుగు. మర్నాటి నుంచి వీధంతా అక్కడే. ఆడవాళ్ళు బట్టలు కుట్టుకున్నారు, మగాళ్ళు మాజాంగ్ పరిచారు. ఆట మధ్యలో వెలుగు మసకబారితే ఎవరో ఒకరు, ముక్కల మీంచి తలెత్తకుండానే, "తర్వాత ఏం చేసింది మీ సూహ్వా?" అనేవారు. లాన్‌జావ్ మళ్ళీ వెలిగేది. చెప్పిన కథలు పాతబడి వెలుగు తగ్గితే, పండగ రెండో రోజు సూహ్వా ఎలాగూ వస్తుంది కదా అనేవారు. సంవత్సరాది మర్నాడు పెళ్ళయిన ఆడపిల్లలు పుట్టింటికి రావడం ఆనవాయితీ. దారులన్నీ మూసుకుపోయాయనీ, ఎవరూ ఎక్కడికీ రాలేరనీ ఆ గదిలో అందరికీ తెలుసు. లాన్‌జావ్ నమ్మేది. నమ్మి వెలిగేది. ఆమె మొహంలో ఆ సంబరం చూసి జాలిపడ్డవాళ్ళు కూడా ఆ వెలుగులోనే ముక్కలు సర్దుకున్నారు.

సూహ్వా రెండో రోజు దాకా ఆగలేకపోయింది. మంచు బరువుకి వాళ్ళ ఇంటి కప్పు కూలింది. అత్తమామలు పెద్దకొడుకు ఇంటికి చేరారు. మొగుడు దక్షిణాన ఏ స్టేషన్లోనో ఉన్నాడు. ఆడపిల్లని కన్న చిన్న కోడలికి పెద్దకొడుకు ఇంట్లో చోటు లేకపోయింది, పుట్టింటికి పొమ్మన్నారు. ఏ రోజున పొమ్మంటున్నారో వాళ్ళకీ తెలుసు, ఆమెకీ తెలుసు. చెప్పులకి గడ్డితాడు చుట్టుకుని, పిల్ల తావ్‌తావ్‌ని వీపున కట్టుకుని, జారుతూ లేస్తూ పగలంతా కొండెక్కింది. సంవత్సరాది ముందురోజు దీపాల వేళకి అన్నగారి గుమ్మంలో నిలబడింది.

పెళ్ళయిన ఆడపిల్ల ఆ రాత్రి పుట్టింటి దీపం చూడకూడదు. చూస్తే అన్నదమ్ముల ఇల్లు ఎండిపోతుందంటారు, కడుపులో ఉన్నవాళ్ళు నిలవరంటారు. రెండేళ్ళ కిందట సూహ్వా రోజులు లెక్క తప్పి ఆ సాయంత్రమే వచ్చి కాసేపు వాకిట్లో నిలబడి వెళ్ళింది. ఆ నెలలోనే చ్యూరుంగ్‌కి కడుపు పోయింది. రెంటికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు. లేదనీ ఎవరూ చెప్పలేదు. చ్యూరుంగ్ చెడ్డదేం కాదు. పోగొట్టుకున్న పిల్లల్ని రెండుసార్లు పాతిపెట్టి వచ్చిన మనిషి.

పండగ రాత్రి కాబట్టి వీధివాళ్ళు ఎవరిళ్ళలో వాళ్ళున్నారు. హైపింగ్ తలుపు సగం తెరిచి చెల్లెల్ని చూశాడు. లోపల్నుంచి, "ఎవర్రా? సూహ్వాయేనా?" అంది లాన్‌జావ్. అంటూనే ఆమె చేతులు వెలిగాయి. చ్యూరుంగ్ చప్పున కడుపు మీద చెయ్యేసుకుంది. హైపింగ్ తలుపు మూసేశాడు.

పక్కింటి లేయ్ తాత ఆ అలికిడికి బయటికొచ్చి మళ్ళీ తలుపు తీయించాడు. వీధిలో ఎవరింట శుభమైనా అశుభమైనా ఏది ముందో ఏది వెనకో చెప్పేది ఆయనే. తన ఇంటికి తీసుకెళ్ళే ప్రశ్న లేదు. ఆ రాత్రి పరాయి ఇంటి ఆడపిల్లని మా వీధిలో ఎవరూ గడప ఎక్కనివ్వరు, ఆయనా ఎక్కనివ్వలేదు. కానీ గడ్డం నిమురుకుని దారి మాత్రం చూపించాడు.

"దీపమున్న ఇంటికి రాకూడదన్నారు గానీ, దీపం లేని ఇంటికి రాకూడదని ఎవరూ అనలేదు. ఈ ఏడు ఎవరింట్లో ఉందిరా దీపం? చీకటింట్లో పడుకుని తెల్లారాక టపాకాయలు మోగిన తర్వాత లేస్తే ఏ దోషమూ లేదు."

"దీపం లేదా?" అంది చ్యూరుంగ్ లోపల్నుంచి. "మరి ఆవిడేంటి?"

అందరూ లాన్‌జావ్ వైపు చూశారు. పాపం ఆమె చేతులు రెండూ చంకల్లో దాచుకుని, తలొంచుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. గది నెమ్మదిగా చీకటయింది. అయితే సరే అన్నాడు లేయ్ తాత. ఇల్లు చీకటిగా ఉన్నంతసేపూ సూహ్వా లోపలుండచ్చు. వెలుగొస్తే బయటికి పోవాలి. మళ్ళీ ఆరాక రావచ్చు. ఆ మాట చెప్పి, కాళ్ళు కొంకర్లు పోతున్నాయని ఆయన తన కుంపటి దగ్గరికి పోయాడు.

సూహ్వా లోపలికొచ్చింది. లాన్‌జావ్ తిరిగి చూడలేదు. చూడకపోతే వెలగనేమో అనుకుంది. సూహ్వా వీపున ఉన్న పిల్లని దింపుతుంటే గడ్డకట్టిన బొంత రేకులా చప్పుడు చేసింది. తావ్‌తావ్‌కి మూడేళ్ళు. చీకట్లో తడుముకుంటూ వచ్చి, చేతికందిన చెవి పట్టుకుని, "అమ్మమ్మా, నాకు కాళ్ళు లేవు" అంది. చలికి కాళ్ళు తెలియడం లేదని దాని బాధ. లాన్‌జావ్ మొహం భగ్గున వెలిగింది. గోడ మీది పోయిన ఏటి క్యాలెండరు, దూలానికి వేలాడుతున్న పొగబెట్టిన మాంసం, చ్యూరుంగ్ కళ్ళలో భయం, అన్నీ కనబడ్డాయి. హైపింగ్ లేచాడు. తలుపు తీసి పట్టుకున్నాడు. సూహ్వా పిల్లని ఎత్తుకుని అరుగు మీదికి పోయింది.

లోపల రకరకాల ఆలోచనలు జరిగాయి. సూహ్వాకి కళ్ళగంతలు కడితే? వెలుగు మీద పడ్డాక కళ్ళు మూసుకుంటే మాత్రం చూసినట్టు కాదా, అంది చ్యూరుంగ్. లాన్‌జావ్‌కి ముసుగేస్తే? వేశారు, బొంత కుట్లలోంచి కూడా వెలుగు కారింది, పైగా ఊపిరాడక ముసలావిడ గిలగిల్లాడింది. నేనే బయట కూర్చుంటాను, అదీ పిల్లా లోపల పడుకుంటారు అని లాన్‌జావ్ లేచింది. హైపింగ్ భుజం పట్టి కూర్చోబెట్టాడు. సంవత్సరాది రాత్రి తల్లిని అరుగు మీదికి తోసిన కొడుకని వీధంతా అనుకోదూ అన్నాడు. అరుగు మీద అప్పటికే చెల్లెలుంది. దాన్ని గురించి వీధి ఏమీ అనుకోదు, ఆనవాయితీ కాబట్టి.

"కోపం తెచ్చుకోండి అత్తయ్యా," అంది చ్యూరుంగ్. ఆమె గొంతులో వేళాకోళం లేదు. "సంతోషం వస్తే కదా వెలిగేది. తిట్టండి. మనస్ఫూర్తిగా తిట్టండి."

గది చీకటయ్యాక మళ్ళీ తలుపు తీశారు. కూతురు గడప దాటగానే లాన్‌జావ్ మొదలుపెట్టింది.

"వచ్చావా తల్లీ? సిగ్గులేదూ? అత్తారింట్లో ఒక మూల నిలుపుకోలేని దద్దమ్మా. అడ్డమైన రోజూ చూసుకుని వస్తావా? ఆ జుట్టేంటే దయ్యంలాగా? ఆ పిల్లకి కాళ్ళకి మేజోళ్ళయినా లేవు, నువ్వూ ఒక తల్లివేనా? ఆ మొహం చూడు, పీక్కుపోయి... పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?"

ఆ ఆఖరి మాట దగ్గర ఆమె మెడ దాకా వెలిగింది. ఎన్ని తిట్లు తిడితే అంత వెలుగు. మా అమ్మల తిట్లు అలాంటివి, వాటిలో ఎక్కడా కోపం దొరకదు.

"అమ్మా, తిట్టమంటే తిట్టు. ముద్దులాడకు," అన్నాడు హైపింగ్. సూహ్వా నవ్వబోయింది. పెదాలు బిగుసుకుపోయి నవ్వు రాలేదు. పిల్లని ఎత్తుకుని మళ్ళీ బయటికి పోయింది.

ఈసారి వెలుగు ఆరడానికి చాలాసేపు పట్టింది. కిటికీ కాగితం మీద పసుపచ్చగా కనబడుతూనే ఉంది. అరుగు మీద సూహ్వా తావ్‌తావ్ కాళ్ళు తన పొట్టకి ఆనించుకుని కూర్చుంది. అంతకుముందు దాకా పిల్ల ఏడుస్తూనే ఉంది. ఇప్పుడు ఏడుపు మానేసింది. వణకడమూ మానేసింది. సూహ్వా పిల్ల బొటనవేలు గిల్లింది. తావ్‌తావ్ కాలు వెనక్కి తీసుకోలేదు, నిద్రొస్తోందంది. ఆ నిద్ర ఏమిటో ఆ చలికాలంలో కొండల్లో ఉన్న ప్రతి తల్లికీ తెలుసు. మూడోసారి బయటికొస్తే పిల్లని లోపలికి తీసుకెళ్ళాల్సిన అవసరం ఉండదు.

ఆమెకి తల్లి సంగతి పుట్టినప్పటి నుంచీ తెలుసు. కూతురు ఎదురుగా ఉంటే తల్లి తనంతట తాను ఆరలేదు. ఆర్పాలంటే ఆ చమురే ఒలకబొయ్యాలి. ఆ చమురు ఏమిటో కూడా సూహ్వాకి తెలుసు. ప్రతి ఏడూ తను వచ్చినప్పుడల్లా, మీ అత్తగారు అన్నయ్యని గుమ్మంలోనే ఆపేసింది, పాపం నీకు తెలియదమ్మా, తెలిస్తే వచ్చేదానివే అని తల తడుముతూ తల్లి అనేది.

కిటికీ చీకటయింది. తలుపు కొట్టింది. లోపలికెళ్ళి, ఎవరినీ అడక్కుండా తల్లికి ఎదురుగా కూర్చుని, తావ్‌తావ్ కాళ్ళు కుంపటి బొంత కిందికి తోసింది. లాన్‌జావ్ గోళ్ళు అప్పుడే పచ్చబడుతున్నాయి. చ్యూరుంగ్ లేవబోయింది.

"ఆగు వదినా," అంది సూహ్వా. "అమ్మా, నాన్న పోయినప్పటి సంగతి నీకొకటి చెప్పాలి. మా అత్తగారు నా దగ్గర ఏమీ దాచలేదు."

"ఇప్పుడెందుకే అవన్నీ?" అంది లాన్‌జావ్. "తెలిసినా నువ్వు మాత్రం ఏం చేస్తావు, పచ్చి బాలింతవి." అంటుంటే అరచేతులు వెలిగాయి.

"బాలింతనని కాదు. అన్నయ్య వచ్చాడు కదా, నేను తలుపు వెనకే నిలబడి ఉన్నాను. నాన్న తిండి మానేసి నా పేరే పిలుస్తున్నాడని మా అత్తగారితో చెప్పడం విన్నాను. ఒక్క మాట చెప్పి పంపినా చాలన్నాడు. నేనే మా అత్తగారికి సైగ చేశాను, పొమ్మని చెప్పమని."

"ఎందుకే?"

"విసుగొచ్చింది. చిన్నప్పటి నుంచీ సూహ్వా, సూహ్వా అని ఒకటే పిలుపు. పోతే పోయాడు, ఇంక ఆ గోల ఉండదు అనుకున్నాను. అన్నయ్య మలుపు తిరిగాక నాకు కోడిపులుసు పెట్టారు. రెండు గిన్నెలు తాగాను."

అందులో ఒక్క ముక్కా నిజం కాదు. చెబుతున్నంతసేపూ బొంత కింద ఆమె చెయ్యి పిల్ల పాదాల్ని రుద్దుతూనే ఉంది. లాన్‌జావ్ మొహంలో వెలుగు కళ్ళ దగ్గర ఇంకా కొంచెం మిగిలింది. ఆమె కొడుకు వైపు తిరిగింది.

"ఏరా హైపింగ్, నువ్వు వెళ్ళినప్పుడు ఇది తలుపు వెనకుందా?"

హైపింగ్ ఒక్కడికే తెలుసు తను ఆ గుమ్మం తొక్కలేదని. తొక్కని గుమ్మం వెనక ఎవరుంటారు? ఆ మాట చెప్పడానికి ఒక్క క్షణం చాలు. చెబితే తల్లి వెలుగుతుంది, చెల్లెలు బయటికి పోవాలి, తన టీకొట్టు సంగతి బయటికొస్తుంది. అతను పెళ్ళాం కడుపు వైపు చూశాడు. ఇప్పటికీ మా వీధిలో కొందరు, కడుపులో బిడ్డ కోసమే అలా అన్నాడంటారు. అలా అనుకోవడం అందరికీ సుఖం.

"తలుపు వెనక ఎవరో ఉన్నట్టే ఉందమ్మా," అన్నాడు. "గాజుల చప్పుడు వినపడింది. నీకు చెబితే బాధపడతావని ఊరుకున్నాను."

గది చీకటయిపోయింది. ఇదివరకు ఆరినట్టు మెల్లగా ఆరలేదు, నీళ్ళు పోసినట్టు ఆరింది. కుంపటి ఎర్రదనం బొంత కిందే ఉండిపోయింది. ఒకరి మొహం ఒకరికి కనబడలేదు. అన్నయ్య తనకి సాయపడ్డాడనుకుంది సూహ్వా, చీకట్లో అతని చెయ్యి వెతికి పట్టుకుంది. హైపింగ్ చెయ్యి లాక్కోలేదు.

గోడవార నుంచి లాన్‌జావ్ గొంతు వినబడింది. "చ్యూరుంగ్, వచ్చినవాళ్ళకి ఏమన్నా పెట్టు," అంది. ఆ మాటకి సూహ్వా తల్లి వైపు జరగబోయింది. కానీ అప్పుడే బొంత కింద తావ్‌తావ్ కాలు వెనక్కి లాక్కుని, మంటగా ఉందని గట్టిగా ఏడుపు మొదలుపెట్టింది. పిల్ల బతికింది.

తెల్లారి వీధిలో టపాకాయలు తుస్సుమంటూ పేలాయి. సూహ్వా అప్పటిదాకా ఆగి, తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రాత్రి చెప్పినదంతా అబద్ధమంది. పిల్ల చచ్చిపోతుందని అలా అన్నానంది. తను తలుపు వెనక లేదు, తనకసలు తెలియదు, కోడిపులుసూ లేదు ఏమీ లేదు. లాన్‌జావ్ అంతా విని, "అలాగే" అంది. నమ్మమ్మా, కావాలంటే అన్నయ్యని అడుగు అంది సూహ్వా. పండగపూట ఏడుపులెందుకని హైపింగ్ గొడ్డలి తీసుకుని వాకిట్లో గడ్డలు కొట్టడానికి వెళ్ళిపోయాడు. లాన్‌జావ్ లేచి, తీపి జావలో గుడ్డు వేసి, ఆ గిన్నె రెండు చేతులా పట్టుకుని కూతురికి అందించింది. మా ఊళ్ళో ఇంటివాళ్ళకి ఒంటిచేత్తో ఇస్తారు. రెండు చేతులా ఇచ్చేది చుట్టాలకి.

దానిమీద నాకు కోపమేం లేదు అని లాన్‌జావ్ తర్వాత లేయ్ తాతతో అంది. కోపముంటే బావుండును, ఆ చోట ఏమీ లేదు, తడుముకుంటే ఏమీ తగలడం లేదు అంది. ముసలితనమని ఆయన సర్దిచెప్పాడు.

కొన్నాళ్ళకి మంచు కరిగింది, టవర్లు లేచాయి, ఒక సాయంత్రం ఉన్నట్టుండి కరెంటు వచ్చింది. వీధంతా చప్పట్లు కొట్టింది. ఆ వేళకే మాజాంగ్ ముక్కలు ఎవరి ఇంటికి వాళ్ళు తెచ్చేసుకున్నారు. సూహ్వా మొగుడు వచ్చి కూలిన కప్పు కట్టించి ఆమెని తీసుకెళ్ళాడు. ఎండాకాలం మొదట్లో చ్యూరుంగ్‌కి మగపిల్లాడు పుట్టాడు, గుండ్రాయిలాంటి పిల్లాడు. తెచ్చి లాన్‌జావ్ ఒళ్ళో పెట్టారు. అందరూ పిల్లాడిని వదిలేసి ఆమె వేళ్ళ వైపు చూశారు. లాన్‌జావ్ కూడా చూసుకుంది. పిల్లాడి తల జాగ్రత్తగా పట్టుకుంది, ముద్దు పెట్టుకుంది, లాలించింది. గోళ్ళు గోళ్ళలాగే ఉన్నాయి.

ఇప్పుడు సూహ్వా ఏటా రెండో రోజునే వస్తుంది. ఆమె వాకిట్లోకి రాగానే లాన్‌జావ్ లేచి నిలబడి, పీట తుడిచి వేసి, దారిలో ఇబ్బంది కాలేదు కదా అని అడుగుతుంది. టీ ఇస్తుంది, రెండు చేతులా. ఎక్కడా మర్యాద తగ్గనివ్వదు. సూహ్వా ప్రతి ఏడూ ఆ మాట ఎత్తుతుంది, ప్రతి ఏడూ లాన్‌జావ్ "అలాగే" అంటుంది.

పోయిన ఏడు సాయంత్రం కుంపటి చుట్టూ అందరూ కూర్చుని ఉండగా సూహ్వా తల్లిని వదిలేసి అన్నగారి వైపు తిరిగింది.

"అన్నయ్యా, నువ్వు చెబితే నమ్ముతుంది. ఆ రాత్రి నన్ను కాపాడ్డానికి గాజుల చప్పుడన్నావు. చాలు కదా ఇంక. నువ్వు మా గుమ్మంలో నిలబడ్డప్పుడు తలుపు వెనక నేను లేనని ఒక్క మాట చెప్పు."

లాన్‌జావ్ చేతిలో టీ గిన్నె కింద పెట్టింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, గోళ్ళు పైకి కనబడేట్టు వేళ్ళు చాపి, కొడుకు వైపు చూసింది. తావ్‌తావ్ కూడా తినడం ఆపి మేనమామ వైపు చూసింది. హైపింగ్ నోరు తెరిచాడు. ఒళ్ళో కొడుకున్నాడు, ఎదురుగా చ్యూరుంగ్ ఉంది.

"గది చీకటిగా ఉంది," అని, కొడుకుని దింపి లేచి ఇంకో లైటు వేశాడు.